టోపీ అంచు కింద గుడ్ల తిత్తి

ఆల్విన్ టోపీ పోయిన రోజు మంగళవారం. పోగొట్టింది అతని భార్య మెర్రినే. భర్త చనిపోయిన రెండు నెలలకు ధైర్యం చేసి, అతని బట్టలు రెండు సంచుల్లో సర్ది, మొదటి సంచిని బల్లారట్ ఊళ్లో చర్చివాళ్ల పాతబట్టల దుకాణానికి ఇచ్చి వచ్చింది. టోపీ కూడా ఆ సంచిలోనే పోయిందని ఇంటికొచ్చి ఖాళీ కొక్కెం చూశాకే తెలిసింది.

ఆల్విన్ పెంచుకున్న గొల్లభామ పురుగు పేరు డచెస్. అది ఆ టోపీ అంచు కిందే గుడ్లు పెట్టింది. గట్టిపడిన నురగలా ఉండే ఆ తిత్తిని ఊడదీస్తే గుడ్లు దక్కవని ఆల్విన్ టోపీనే వదులుకున్నాడు. తన ఆఖరి చలికాలమంతా వానలో వట్టి తలతో తిరిగాడు. ఇప్పుడు ఆల్విన్ లేడు, డచెస్ లేదు. తిత్తి ఒక్కటే మిగిలింది.

టోపీ కొన్నది ఆ ఊరి ప్రౌజ్ అని తెలిసేసరికి వారం గడిచింది. పచ్చికమీద బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్బులో దొరికాడు. టోపీ తలమీదే ఉంది.

“ఇవ్వను టీచరమ్మా. ఇది పెట్టుకున్నాక మూడాటలు గెలిచా. శనివారం ఫైనల్.”

“దాని కింద గుడ్లున్నాయండీ.”

“ఉండనీండి. నా తలలో ఏం లేదని మా ఆవిడ రోజూ అంటుంది. పైనన్నా ఏదో ఉందిగా!”

మెర్రిన్ ఆలోచించింది. గొల్లభామ పిల్లలు తలకిందులుగా వేలాడుతూ దిగుతాయి, కాబట్టి తిత్తి కింద ఖాళీ ఉండాలి. మనిషి తల అందుకు మంచి చోటే. రోజూ కాసిని నీళ్లు చిలకరిస్తే చాలు.

“అయితే గడ్డం పైకెత్తండి,” అంది, సంచిలోంచి నీళ్ల సీసా తీస్తూ.

ఆనాటి నుంచి అతను బంతి దొర్లించడానికి వంగితే ఆమె కూడా వెనక వంగి, అంచు కింద నీళ్లు బుస్సుమని కొట్టేది.

“ప్రౌజ్ ఎప్పటికి మొలకెత్తుతాడమ్మా?” అని బెంచీమీదివాళ్లు అరిచేవారు. ఆమె నవ్వేది కాదు. కానీ మళ్లీ పొద్దున్నే లేచేది.

ఫైనల్లో ఆఖరి బంతికి ముందు అంచు నుంచి సన్నటి దారాల్లాంటివి దిగాయి. ఒకటి, పది, వంద. ప్రౌజ్ ముక్కుమీద, కనుబొమలమీద చీమలంతేసి గొల్లభామలు చేతులు ముడుచుకుని కూర్చున్నాయి.

“ఎవరూ కదలకూడదు!” అంది మెర్రిన్, తరగతిలో వాడే గొంతుతో. ముప్పైమంది పెద్దవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. అంపైర్ ఒంటికాలిమీద నిలబడ్డాడు.

“తుమ్మొస్తోంది టీచరమ్మా,” ప్రౌజ్ పెదవి కదపకుండా గొణిగాడు.

“ఆపుకోండి. అవి ఆల్విన్‌వి.”

ప్రౌజ్ కళ్లవెంట నీళ్లు కారాయి, కానీ తుమ్మలేదు. ఆమె బొమ్మలేసే కుంచెతో ఒక్కొక్కదాన్నే జామ్ సీసాల్లోకి దించింది. గంట పట్టింది. అయ్యాక అతను టోపీ తీసి, రెండు చేతులా ఆమెకిచ్చి, అప్పుడు తుమ్మాడు.

టోపీ మళ్లీ కొక్కేనికి చేరింది. రెండో సంచి తలుపు దగ్గరే ఉంది. దాన్ని ఆమె ఇంకా ఇచ్చి రాలేదు.