ర్యాంపు ఉంది

బడుల్లో పిల్లల హక్కులకు భంగం కలిగితే విచారించడం నా ఉద్యోగం. ఆ రోజు నా చేతిలో ఉన్న ఫిర్యాదు నాలుగే వాక్యాలు. రాసింది బట్టలు కుట్టే ఒక తల్లి. "మా అమ్మాయి చక్రాల కుర్చీలో తిరుగుతుంది. ల్యాబ్‌లోకి వెళ్లలేకపోతోంది. రెండేళ్లుగా ప్రయోగాల వేళ దాన్ని వరండాలో కూర్చోబెడుతున్నారు. వచ్చే నెల ప్రాక్టికల్ పరీక్ష."

తన గదిలోకి వచ్చిన నన్ను చూసి హెడ్మాస్టరు ఏమాత్రం తొణకలేదు. "ర్యాంపు ఉందండీ. మీరే రాశారు కదా," అంటూ పాత తనిఖీ కాగితం ముందు పెట్టాడు. 'ర్యాంపు: ఉంది.' పక్కన టిక్కు, కింద నా సంతకం. రెండేళ్ల కిందట ఈ గదిలోనే కాఫీ తాగుతూ అడిగాను. ఆయన ఉందన్నాడు. నేను టిక్కు పెట్టి లేచాను. కంచే చేను మేయడమంటే ఇదే.

"పదండి, చూద్దాం," అన్నాను.

ల్యాబ్ ఎత్తైన అరుగు మీద ఉంది. ర్యాంపూ ఉంది, గోడకు నిచ్చెన వేసినట్టు నిటారుగా. తల్లీ కూతుళ్లు అక్కడే సాక్షుల్లా ఎదురు చూస్తున్నారు. నేనే తోస్తానని కుర్చీ వెనక్కి వెళ్లాను. సగం దూరంలో కాళ్లు జారాయి. కుర్చీ నా మీదికే వచ్చింది.

"కంగారు పడకండి సార్, బ్రేకు వేసేశాను," అంది అమ్మాయి.

ఎన్నిసార్లు జారితే ఆ నెమ్మది వస్తుంది!

వాళ్లమ్మ మెడలోని టేపు తీసి ర్యాంపు కొలిచింది. "ఎత్తు మూడడుగులు. పొడవు తొమ్మిది. ఎంతుండాలి సార్?"

"అడుగు ఎత్తుకి పన్నెండడుగులు."

"అంటే ముప్ఫై ఆరు. కొలతలు తీసుకోకుండా కుట్టేశారన్నమాట. ఇలా కుడితే కుట్టించుకున్నవాళ్లు జాకెట్టు నా మొహాన కొట్టి పోతారు."

హెడ్మాస్టరు నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. సిగ్గుతో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్కడే ఉత్తర్వు రాశాను. నెల లోపు కొత్త ర్యాంపు. అప్పటిదాకా ల్యాబ్ సామాను కిందనున్న స్టాఫ్ రూములోకి, టీచర్లు అరుగు మీది గదిలోకి. రేపటి నుంచే.

"మా టీచర్లలో ఇద్దరికి మోకాళ్ల నొప్పులండీ," అన్నాడు హెడ్మాస్టరు.

"అయితే ర్యాంపు ఇంకా తొందరగా పూర్తవుతుంది లెండి."

'బాధ్యులు' అన్న గడిలో ఆయన పేరు రాశాను. దాని పైన నా పేరు రాశాను. అమ్మాయి తొంగి చూసింది.

"మీ పేరెందుకు సార్?"

"చూడకుండా టిక్కు పెట్టింది నేనే తల్లీ."

అమ్మాయి ఆ రెండు పేర్లూ చదివింది. "నా కాళ్ల వల్లే వెళ్లలేకపోతున్నాననుకున్నాను సార్, ఇన్నాళ్లూ."

వాళ్లమ్మ టేపు మళ్లీ మెడలో వేసుకుంది.

"పదవే, ఇంటికెళ్దాం. రేపు నీకు ల్యాబ్ ఉంది," అంది.