దులపని చట్రం

ఆ ఇంట్లో ఏది కనబడకపోయినా ముందు పిలిచేది భూతద్దాన్నే. అది ఆమెకు అన్నయ్య పెట్టిన పేరు. చేజారిన సూది కానీ, ఎక్కడో పడిపోయిన తాళంచెవి కానీ, వేల తేనెటీగల మధ్య తిరిగే రాణి ఈగ కానీ, ఆమె నింపాదిగా నిలబడి చూస్తే దొరికి తీరేది. ఆ కళ్ల మీద భరోసాతోనే వదిన ఆమెకు తేనెపెట్టెల పని నేర్పింది.

చలికాలం గడిచేసరికి షెడ్డు వెనక వరుసలో కొన్ని పెట్టెలకు రాణి లేకుండా పోయింది. గుడ్లు పెట్టే దిక్కు లేక వాటిలో ఈగలు రోజురోజుకీ పలచబడుతున్నాయి. చుట్టూ చెట్లు విరగబూసినా తమకేమీ పట్టనట్టు గుమ్మాల్లోనే తచ్చాడుతున్నాయి. కొత్త రాణుల్ని పెంచి ఇస్తే తప్ప అవి బతకవు.

అందుకోసం వదిన మంచి పెట్టెలోంచి అప్పుడే గుడ్డు విడిచిన పిల్లపురుగుల్ని సన్నని పుల్లతో ఎత్తి, వేలిగోరంత మైనపు గిన్నెల్లో పెడుతుంది. ఆ గిన్నెల్ని, రాణిని తీసేసిన ఒక బలమైన పెట్టెలో ఉంచితే, తల్లి లేని ఆ ఈగలు గిన్నెల్ని మైనంతో గదులుగా పొడిగించి, పురుగులకు పాలలాంటి మేత పోసి రాణులుగా పెంచుతాయి. దాన్ని వాళ్లు పెంపుడు పెట్టె అనేవారు. అయితే ఈగలు సొంతంగా కట్టుకున్న రాణి గది అందులో ఒక్కటి కూడా మిగలకూడదు. మిగిలిందా, అందులోంచి ముందుగా బయటికొచ్చిన రాణి తక్కిన గదులన్నిటికీ పక్కనుంచి కన్నం పెట్టి, లోపలి రాణుల్ని కుట్టి చంపేస్తుంది. కాబట్టి గిన్నెలు పెట్టేముందు పట్టు కట్టిన ప్రతి చెక్క చట్రాన్నీ పైకి తీసి, ఈగల్ని దులిపి, మూలమూలా వెతకాలి. ఆ పని భూతద్దానిది.

వెతికింది. చివరి చట్రం దగ్గరికొచ్చేసరికి మబ్బు కమ్మింది. ఈగలకు చిరాకెత్తింది. ఒకటి మణికట్టు మీద కుట్టింది కూడా. చట్రం కింది మూల ఈగలు గుత్తిలా వేలాడుతున్నాయి. దులిపితే మీద పడతాయి. అక్కడేముంటుందిలే అనుకుని అలాగే లోపలికి దించేసింది.

"అన్నీ దులిపి చూశావా?" అంది వదిన.

"చూశాను వదినా."

"నువ్వు చూశావంటే ఇక నేను చూడక్కర్లేదు."

కొన్నాళ్లకు అన్నయ్య ఆ పెట్టెను కాస్త నీడలోకి జరుపుతూ రాయి తట్టుకుని తూలాడు. పెట్టె దబ్బున నేలకు తగిలింది.

"ఏమిటా ఏనుగు నడక!" అని వదిన కేకేసింది. "లోపల పసిరాణులున్నాయి మహానుభావా! కుదుపుకి చచ్చాయంటే ఆ పాపం మీదే."

అన్నయ్య పెట్టెకు చెవి ఆనించాడు. "అందరూ క్షేమమేనట. నువ్వు అరుస్తున్నావనే నాతో మొరపెట్టుకుంటున్నాయి."

ముగ్గురూ నవ్వుకున్నారు.

రాణి గదులు పక్వానికొచ్చిన రోజు పొద్దున ఆమె ఒక్కతే పెట్టె తెరిచింది. వేరుశనగ కాయల్లా వేలాడుతున్న గదులన్నిటికీ పక్కన కన్నాలు. లోపల తెల్లగా ముడుచుకుపోయిన రాణులు. పట్టుల మధ్య ఎక్కడినుంచో బూర ఊదినట్టు సన్నని కూత వినబడింది. కొత్త రాణి కూత అది. ఆమె చివరి చట్రం పైకి తీసి, ఇప్పుడు దులిపింది. కింది మూల, అడుగు తెరుచుకున్న ఖాళీ గది ఒకటి కనిపించింది.

షెడ్డు వైపునుంచి అన్నావదినల మాటలు దగ్గరవుతున్నాయి. ఏం చేస్తున్నదీ తనకే తెలిసేలోపు ఆమె గదులన్నీ పీకి, నలిపి, గడ్డిలోకి విసిరేసింది.

"ఏవే గదులు?" అంది వదిన.

"చచ్చిపోయాయి వదినా. పీకేశాను."

అన్నయ్య పేరు ఆమె ఎత్తలేదు. ఎత్తాల్సిన పనే లేకపోయింది. వదిన చూపు తిన్నగా అతని మీదికి వెళ్లింది. అతను తెల్లబోయాడు.

"నా వల్లేనా?"

కాదనడానికి ఆమె నోరు తెరిచింది. అంతలోనే వంగి పెట్టె మూత పెట్టేసింది.

ఆ రోజునుంచి అన్నయ్య పెట్టెల ఛాయలకు పోలేదు. భోజనాల దగ్గర వేళాకోళం లేదు. మంచినీళ్ల గ్లాసుని సైతం రెండు చేతులా పట్టుకుని, చప్పుడు కాకుండా కిందపెట్టేవాడు. వదిన మెత్తబడి, "పోనీలెండి, మళ్లీ పెడదాం" అన్నా, "పెట్టండి. నేను మాత్రం ముట్టుకోను" అనేవాడు. ఎదురుగా కూర్చున్న ఆమె కంచంలో అన్నం వదిలేసి లేచిపోయేది.

పూత రాలడం మొదలైంది. రాణి లేని పెట్టెల్లో చారెడు ఈగలు మిగిలాయి. ఈ విడత కూడా తప్పితే వాటికి మరో అవకాశం లేదు. పెంపుడు పెట్టెలో ఆ కొత్త రాణి తిరుగుతున్నంతకాలం ఏ గిన్నె పెట్టినా నాశనమే. వదిన చూడకుండా ఆమె దానికోసం ఎన్నిసార్లు వెతికిందో. సన్నని ఒళ్లు, మెరుపు పరుగు. భూతద్దానికే చిక్కలేదు.

వదిన కిటికీ దగ్గర కూర్చుని, కళ్లు నీళ్లు కారేదాకా పురుగుల్ని ఎత్తి గిన్నెల్లో పెట్టింది. గిన్నెల చట్రం మీద తడిగుడ్డ కప్పి ఆమె చేతికిచ్చింది.

"తీసుకెళ్లి పెట్టు తల్లీ. నీ చేతైతే నాకు బెంగ లేదు."

ఆమె పెట్టె దాకా వెళ్లింది. మూత మీద చెయ్యి వేసింది. తీయలేకపోయింది. గుడ్డ ఆరిపోతోంది. గిర్రున వెనక్కి వచ్చింది.

"వదినా, ఇవి అందులో పెట్టకూడదు."

"ఏం?"

"లోపల రాణి ఉంది. ఆ గదుల్ని చంపింది అదే. ఒక చట్రం నేను దులపలేదు."

వదినకు కాసేపు అర్థం కాలేదు. "మరి ఎందుకు పీకేశావు?"

"కన్నాలు చూస్తే నీకు తెలిసిపోతుందని."

"మీ అన్నయ్య మొహం అట్లా అయిపోతే చూస్తూ కూడానా?"

వదిన తిడుతుందేమోనని ఆమె ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. వదిన చట్రం అందుకుని బల్ల మీద పెట్టి, గుడ్డను మళ్లీ తడిపి కప్పింది.

"చివరనున్న బలమైన పెట్టెలోంచి రాణిని తీసి, దాన్ని పెంపుడు పెట్టెగా సిద్ధం చేస్తాను. చట్రాలు నేనే దులుపుకుంటాను. నువ్వెళ్లి ఆయనకు చెప్పు. ఇది ఆయన్నే తెమ్మను."

అన్నయ్య పెరట్లో పాత పెట్టెకు మేకులు కొడుతున్నాడు. ఆమె చెప్పింది. సుత్తి ఆగింది.

"అయితే నా చేతులు మంచివేనన్నమాట! వీటిని ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నానే, ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాడు లేడు." తనొక్కడే నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "నేను అడిగాను కదే, నా వల్లేనా అని. నువ్వక్కడే ఉన్నావు."

"ఉన్నాను అన్నయ్యా."

అతను చేతులు చొక్కాకు తుడుచుకుని లోపలికి వెళ్లి, చట్రాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. వరుసల మధ్య అడుగులో అడుగు వేస్తూ నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది. కొంతదూరం పోయి ఆగాడు.

"కుదుపేమైనా తగిలిందా?"

"లేదు."

మళ్లీ కొంతదూరం. "ఇప్పుడో?"

"లేదన్నయ్యా."

అంత పెద్దమనిషి, పసిపిల్లాడిలా భయపడుతూ నడుస్తున్నాడు. ఆ భయం ఆమె పెట్టిందే. అతను మళ్లీ ఆగాడు. ఆమె తలెత్తకుండా, అడక్కముందే లేదంది.