బ్యాండు మోగే చోటు

ఆదివారం విందుకు మంచి చోటు వెతకాలని పుల్ల వారమంతా ఫోను పట్టుకుని కూర్చుంది. ఆవిడ అసలు పేరు పుల్ల కాదు, ఇప్పుడు పుల్లలా కూడా లేదు. నేత మిల్లులో పనిచేసే రోజుల్లో ఊదితే ఎగిరిపోయేలా ఉండేదని అక్కడివాళ్లు పెట్టిన పేరది. ఆ మిల్లు మూతపడింది, పేరు పెట్టినవాళ్లు తలోదారి పట్టారు. ఇప్పుడు ఆవిడ ఒక రెడీమేడ్ దుస్తుల కంపెనీలో బట్ట నాణ్యత చూసే సెక్షనుకి పెద్ద. అక్కడ అందరూ మేడమ్ అంటారు. ఏమే పుల్లా అని పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కతే మిగిలింది. ఆవిడ గంట.

గంట కూడా అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. మగ్గాల రొదలో ఏళ్ల తరబడి నిలబడి చెవులు సగానికి పైగా పోగొట్టుకుంది. తనకి వినపడదు కాబట్టి ఎదుటివాళ్లకీ వినపడదని ఆవిడ గట్టి నమ్మకం. అందుకని గుట్టు చెప్పినా వీధి చివరిదాకా తెలిసిపోతుంది. మిల్లు మూసేశాక లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదిరింది.

మొన్న చలికాలంలో పుల్లకి కడుపులో ఆపరేషన్ అయింది. పెళ్లీ పెటాకులూ లేని మనిషి, దగ్గర ఉండి చూసుకునే చుట్టాలెవరూ లేరు. గంట లాండ్రీ నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చేది. ఒళ్లు తుడిచేది, చిక్కు తీసి జడ వేసేది, జావ తాగనని మొండికేస్తే నర్సుల ముందే దులిపేసేది. ఇంటికి తీసుకొచ్చాక కూడా మంచం పక్కనే నేల మీద పడుకుంది. రాత్రి పిలిస్తే వినపడదని తన మణికట్టుకీ పుల్ల మణికట్టుకీ ఒక లంగా నాడా కట్టేది, లాగితే లేస్తానని. మీరిద్దరూ అక్కచెల్లెళ్లా అని ఎవరైనా అడిగితే, "అంత అదృష్టం కూడానా, స్నేహితులం" అని నవ్వేది.

అంత చేసిన మనిషికి ఏదైనా చెయ్యాలని పుల్ల మనసు కొట్టుకుంది. అందులో అబద్ధం లేదు. ఆ మాట ముందే చెప్పకపోతే ఆవిడకి అన్యాయం చేసినట్టవుతుంది.

"ఆదివారం నిన్ను బ్రంచ్‌కి తీసుకెళ్తానే" అంది.

"అదేం రోగం?" అంది గంట.

"పొద్దున తినేదీ మధ్యాహ్నం తినేదీ కలిపి ఒకేసారి తింటారు. పెద్ద హోటళ్లలో పెడతారు."

"రెండు పూటలదీ ఒక పూట తినడం మనకి కొత్తేంటే? మిల్లులో చేసిందదేగా. అప్పుడు దానికి పేరు లేదు, అంతే. ఎందుకొచ్చిన ఖర్చు, ఈ వీధి మలుపులో బండి దగ్గర కూర్చుని తిందాం పద."

పుల్ల ఒప్పుకోలేదు. ఫోనులో బొమ్మలు చూసి చూసి రెండు చోట్ల దగ్గర ఆగింది. ఒకటి తోటలో ఉంది. చెట్ల కింద దూరదూరంగా బల్లలు, తెల్లటి గుడ్డలు, పక్కన చిన్న నీటి కాలువ. మనుషులు గుసగుసగా మాట్లాడుకుంటున్నారని బొమ్మలోనే తెలుస్తోంది. చూడగానే ప్రాణం లేచొచ్చింది. గంట పగలంతా ఆవిరిలో నిలబడే మనిషి, ఇలాంటి చల్లటి చోటు చూస్తే ఎంత మురిసిపోతుందో అనుకుంది. అనుకున్న మరుక్షణమే, ఆ నిశ్శబ్దంలో గంట నోరు విప్పితే ఎలా ఉంటుందో కూడా కళ్లకి కట్టింది. ఏమే పుల్లా, ఇది ఉడికిందంటావా? తోటలో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా ఇటు తిరుగుతాయి.

రెండోది ఊళ్లోకెల్లా పెద్ద హోటల్. ఆదివారాలు అక్కడ బ్యాండు మోగుతుంది. బ్యాండు హోరులో ఎవరెంత అరిచినా తేలదు. పుల్ల ఆ హోటల్లో బల్ల బుక్ చేయించింది. గంటకి పాటలంటే ఇష్టం కదా అని తనకి తాను సర్దిచెప్పుకుంది. గంటకి పాటలు సరిగ్గా వినపడవు. ఆ సంగతి పుల్ల కంటే బాగా తెలిసినవాళ్లెవరూ లేరు.

ఆదివారం గంట తన బట్టలకి తనే ఇస్త్రీ పెట్టుకుని వచ్చింది. మడత మీద వేలు పెడితే తెగేలా ఉంది. హోటల్ గుమ్మంలో నిలబడి నెత్తిమీది దీపాల గుత్తి చూస్తూ, "దీని దుమ్ము ఎవరు దులుపుతారో పాపం" అని గట్టిగా అంది. తలుపు దగ్గరి మనిషి నవ్వు ఆపుకున్నాడు. పుల్ల గబగబా లోపలికి నడిపించింది.

లోపల బ్యాండు అదరగొడుతోంది. పక్కన కూర్చున్నవాళ్లు కూడా ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నారు. ఆ హోరు చూడగానే గంట మొహం వెలిగిపోయింది. గొంతు ఎత్తకుండా, ఉత్త పెదాలతో మాట్లాడటం మొదలుపెట్టింది.

మిల్లులో అందరూ మాట్లాడుకున్నది అలాగే. మగ్గాలు ఆడుతుంటే గొంతుతో పని లేదు. పెదాలు సాగదీసి, చేతి సైగలు కలిపి, ఈ చివరి మగ్గం నుంచి ఆ చివరి మగ్గానికి కబుర్లు పంపుకునేవారు. ఎవరి మొగుడు ఏమన్నాడో, ఫోర్‌మన్ ఎవరి మీద గుర్రుగా ఉన్నాడో అన్నీ గాలిలోనే నడిచేవి. అందులో గంటని మించినవాళ్లు లేరు. షెడ్డు అవతలి గోడ దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటే ఇక్కడ నిలబడి అప్పజెప్పేది. అందుకే ఎవరి గురించైనా చాటుగా చెప్పాలంటే ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మిల్లు మనిషికి ఊపిరి తీసినంత అలవాటు.

"ఆ వంటాయన టోపీ చూడవే" అన్నాయి గంట పెదాలు. "దిండు గలీబు నెత్తిన పెట్టుకున్నాడు. నాకిస్తే గంజి పెట్టి నిలబెడతా."

పుల్ల పకపకా నవ్వింది. తనూ పెదాలతోనే జవాబిచ్చింది. కాసేపు ఇద్దరూ గుడ్లు తింటూ, రొట్టెలు తింటూ, పేరు తెలియని కేకులు తింటూ హాల్లో ఉన్నవాళ్లందరినీ ఏకిపారేశారు. ఇంత హాయిగా నవ్వి ఎన్నాళ్లయిందో అనిపించింది పుల్లకి. ఆ క్షణంలో తోట గొడవ ఆవిడకి గుర్తే లేదు.

"నీకు పళ్లు తెస్తానుండు" అని లేచి హాలు అవతలి చివర ఉన్న వడ్డన బల్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ తన కంపెనీ మేనేజరు, ఆయన భార్య పళ్లేలతో ఎదురుపడ్డారు.

"మీరా! ఇక్కడ కనిపిస్తారనుకోలేదండీ. ఒంట్లో బాగుందా?" అంది మేనేజరు భార్య, చెవి దగ్గరికి వచ్చి గట్టిగా. తర్వాత హాలు వైపు చూసింది. "మీ బల్ల దగ్గర ఉన్నావిడని ఆసుపత్రిలో చూశాను కదూ? మీ వాళ్లా?"

మా వాళ్లే అనడానికి ఎంతసేపు పడుతుంది? పుల్ల కూడా అటు చూసింది. గంట రొట్టె ముక్కతో పళ్లెం అడుగు తుడుచుకుని తింటోంది. పక్క బల్లవాళ్లు చూడనట్టు చూస్తున్నారు. పుల్లకి మెడ నుంచి చెవులదాకా వేడెక్కింది.

"మా వాళ్లు కాదు మేడమ్. ఆపరేషన్ అప్పుడు చూసుకోవడానికి పెట్టుకున్న మనిషి. పాపం, ఇలాంటి చోటు ఎప్పుడు చూసుంటుందిలే అని తీసుకొచ్చాను."

"ఎంత మంచి మనసండీ మీది!" అంది ఆవిడ. మేనేజరు కూడా మెచ్చుకోలుగా తల ఊపాడు.

పుల్ల పళ్లు పెట్టుకుని వెనక్కి వచ్చింది. గంట రొట్టె పక్కన పెట్టేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. బ్యాండు వైపు చూస్తోందనుకుంది పుల్ల. ఆఫీసు గదుల్లో మెత్తగా మాట్లాడటం నేర్చుకున్న ఈ ఏళ్లలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలన్న ఇంగితమే పుల్లకి పోయింది. అది పోయిందని కూడా తెలియలేదు.

ఇంతలో బ్యాండువాళ్లు కాస్త విరామం తీసుకున్నారు. హాలంతా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దంలో మేనేజరు భార్య వాళ్ల బల్ల దగ్గరికి వచ్చింది. పుల్ల గబుక్కున గంట వైపు చూసింది. గంట ఇప్పుడు ఏమంటుందో, ఎంత గట్టిగా అంటుందో!

గంట లేచి నిలబడింది. చేతులు ముందు కట్టుకుంది.

"తినండి, కూర్చోండి. ఆపరేషన్ అప్పుడు మేడమ్‌ని మీరే కదా చూసుకున్నారు?" అంది మేనేజరు భార్య, ఒక్కో మాటా విడదీసి.

"అవునమ్మగారూ" అంది గంట. ఆవిడ గొంతు అంత చిన్నగా రావడం పుల్ల ఎన్నడూ వినలేదు. "మేడమ్ గారు చాలా మంచివారు. జీతం కూడా ఏనాడూ ఆపలేదు. ఇవాళ ఇంత పెద్ద చోటుకి తీసుకొచ్చారు. ఆవిడ దయ."

పుల్ల నోరు తెరిచింది. కాదు, ఇది నా స్నేహితురాలు, రూపాయి ముట్టుకోలేదు, నేల మీద పడుకుంది అని చెప్పాలి. ఆ మాటలకి బదులు పళ్ల పళ్లెం గంట వైపు జరిపింది. మేనేజరు భార్య గంట భుజం తట్టి వెళ్లిపోయింది. ఆవిడ తన బల్ల దగ్గర కూర్చునేదాకా గంట నిలబడే ఉంది.

తర్వాత కూర్చుని పళ్లెం దగ్గరికి లాక్కుంది. బ్యాండు మళ్లీ మొదలైంది. గంట పెదాలు కదిలాయి.

"సరిగ్గా చెప్పానా? జీతం మాట నువ్వు అనలేదు. నమ్మకంగా ఉంటుందని నేనే కలిపా."

హాలు అవతలి చివర తను అన్న మాటలన్నీ గంట పెదాల మీదే చదివేసిందని పుల్లకి అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. ఇక అక్కడ కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. లేచి, హాలంతా దాటుకుని మేనేజరు బల్ల దగ్గరికి వెళ్లింది.

"ఇందాక అబద్ధం చెప్పాను మేడమ్. ఆవిడ నా స్నేహితురాలు. మిల్లులో ఇద్దరం పక్కపక్క మగ్గాల మీద పనిచేశాం. నాకు ఊరికే చేసింది, జీతమేమీ ఇవ్వలేదు."

ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. మేనేజరు గ్లాసు అటూ ఇటూ జరిపాడు. "మరి ఆవిడే చెప్పింది కదండీ, జీతం ఇచ్చారని?" అంది భార్య అయోమయంగా. "సర్లెండి, పర్లేదు" అన్నాడు మేనేజరు, ఆ మాట అక్కడితో ముగిసిపోవాలని.

వెనక్కి వచ్చి కూర్చుంది. గంట అంతా చూసింది. ఇటు తిరిగి ఉన్న మేనేజరు భార్య మొహాన్ని చదవడం ఆవిడకి ఒక లెక్కా!

"చెప్పేశానే" అంది పుల్ల. గంట మెచ్చుకుంటుందని ఆశపడింది కూడా. ఆ ఆశే అన్నిటికంటే సిగ్గుచేటని ఇంటికి వెళ్లాక గానీ తోచలేదు.

"ఎందుకే?" అన్నాయి గంట పెదాలు. "నీ అబద్ధం నువ్వు కడుక్కున్నావు. నాది నా నెత్తిన ఉండిపోయింది. తీసుకోని జీతం తీసుకున్నానని పెద్దమనుషుల ముందు చెప్పినదాన్ని అయ్యాను."

గంట పళ్లు మాత్రం మిగల్చకుండా తింది, పారేస్తే పాపమని. పుల్ల చెంచాతో కేకుని కెలుకుతూ కూర్చుంది. బ్యాండువాళ్లు హుషారుగా ఇంకో పాట ఎత్తుకున్నారు.

బయట బస్సు స్టాపులో ఎండ కొడుతోంది. కారు పిలుస్తానంటే గంట వద్దంది. బట్టల మడత నలగకుండా బెంచీ అంచున కూర్చుంది.

"నన్ను తిట్టవే" అంది పుల్ల. "నాలుగు అంటించినా పడతాను. ఇలా ఉండకు."

"తిట్టడానికేముందే. నువ్వు పెద్ద ఉద్యోగంలో ఉన్నావు. నీ ఇబ్బందులు నీకుంటాయి." ఈసారి గొంతుతోనే అంది, ఎప్పటిలా గట్టిగా. స్టాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. పుల్లకి వాళ్ల చూపులు పట్టలేదు. అదే పట్టనితనం హోటల్లో ఉన్నప్పుడు ఉంటే సరిపోయేది.

"వచ్చే ఆదివారం ఇంటికి వస్తావా? నేనే వండుతాను."

బస్సు వచ్చింది. గంట లేచి సంచీ భుజాన వేసుకుంది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"పిలువు, వస్తా. కానీ ఈసారి ఎవరిలా రావాలో ముందే చెప్పు. ఇవాళ తెలియక స్నేహితురాలిలా వచ్చేశా."

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని పుల్ల ఆవిడ మొహమంతా వెతికింది. ఉంటే ఎంతో కొంత ఊరటగా ఉండేది. గంట నిజంగానే అడిగింది, జవాబు కోసం మెట్టు మీద ఆగింది కూడా. కండక్టరు లోపలికి జరగమన్నాడు, తలుపు మూసుకుంది.