అర్థమైంది సార్

లెక్కల మాస్టారికి కోపం ముక్కు మీద ఉంటుందని తోటి ఉపాధ్యాయులు అనేవారు. పదోతరగతి పిల్లలు మాత్రం అది ఒళ్ళంతా ఉంటుందని తేల్చి, ఆయనకు 'పెనం' అని పేరు పెట్టుకున్నారు. ఆ ఉదయం పెనం మరీ కాలిపోతోంది.

కారణం చివరి బల్ల మీది పిల్ల. ఆయనే ఆమెను 'నిద్రగన్నేరు' అని పిలిచేవారు. పాఠం మొదలైతే చాలు, ఆ కళ్ళు ముడుచుకునేవి. ఇక లాభం లేదని, ఆమెను తేలిక లెక్కల తరగతికి పంపాలని నిశ్చయించారు. అక్కడికి వెళ్ళినవారికి పైచదువుల్లో లెక్కల తలుపు మూసుకున్నట్టే. కబురందుకుని, బస్సు డ్రైవరైన ఆమె తల్లి డ్యూటీ దుస్తుల్లోనే వచ్చి కూతురి పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"మీ కళ్ళతో మీరే చూడండమ్మా," అన్నారు మాస్టారు.

ఆయన ఒక ఉచ్చు పన్నారు. రెండు సమాన రాశులను తీసుకొని, నల్లబల్ల మీద అయిదు వరుసల్లో ఒకటీ రెండూ సమానమని నిరూపించారు. మధ్యలో సున్నాతో భాగించడమన్న అపరాధాన్ని అక్షరాల ముసుగులో దాచారు. పిల్లల కలాలు చీమలబారులా సాగాయి.

"అర్థమైందా?"

"అర్థమైంది సార్!" తరగతి ఏకకంఠంతో పలికింది.

మాస్టారి కణతలు అదిరాయి. ఒకటీ రెండూ సమానమన్నా తలాడించే గొర్రెలమందా ఇది! ఆ మంట అందరి మీదా కాక ఒక్కరి మీదికే మళ్ళింది. "ఏమ్మా నిద్రగన్నేరూ, నీకో?"

ఆ పిల్ల ఆవలింత దిగమింగింది. "కాలేదండీ. మీరు సున్నాతో భాగించారు కదా. అదెలా కుదిరిందో అర్థం కాలేదు."

తలలన్నీ చివరి బల్ల వైపు తిరిగాయి.

"తెలిసీ నోరు మూసుకు కూర్చున్నావా?" మాస్టారు గద్దించారు.

"పోయిన నెల మీ లెక్కలో ఒక తప్పు చూపించాను. గురువుకే పాఠం చెప్తావా అని గంటసేపు ఎండలో నిలబెట్టారు. అప్పట్నుంచి నిద్రే నయమనిపించింది."

తల్లి దిగ్గున లేచింది. "నాతో ఒక్క ముక్క చెప్పలేదేమే? మాస్టారూ, నా బస్సులో అందరూ నిద్రపోతే నేను బాగా నడిపినట్టు. మీ క్లాసులో అందరూ నిద్రపోతే మీరేం నడిపినట్టు?"

ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు అటు తిరిగి, "మరి నువ్వెందుకు అర్థమైందన్నావురా?" అని ఉరిమారు.

"అలా అనకపోతే మళ్ళీ మొదట్నుంచి చెప్తారు సార్," అన్నాడు వాడు, నిజం దాచలేని వాడిలా.

ఇన్నేళ్ళ బోధన మీద ఎవరో బకెట్టెడు చల్లనీళ్ళు కుమ్మరించినట్టయింది. అయినా పెనం చల్లారలేదు, చుయ్యిమంది. "సరే! ఈ పిల్ల ఇక్కడే ఉంటుంది. చాలా?"

"చాలదండీ," అంది పిల్ల. "తప్పు చూపిస్తే బయటికి పంపనని అందరి ముందూ చెప్పండి. లేకపోతే నేనే వెళ్ళిపోతాను."

"బేరమా నాతో?"

"మాట ఇమ్మన్నాను."

తల్లి ఇంకా నిలబడే ఉంది. మాస్టారి పళ్ళు బిగుసుకున్నాయి. "పంపను."

"వినపడలేదు సార్," అంది ముందు వరుసలోంచి ఒక గొంతు.

"పంపనన్నాను కదా!" ఆ అరుపుకు పక్కగదిలో పిల్లలు అప్పజెప్తున్న పద్యం మధ్యలో ఆగిపోయింది.

ఆ పిల్ల నవ్వలేదు. "అయితే నల్లబల్ల మీద మూడో వరుస కూడా చూడండి. అక్కడ తీసివేత గుర్తు ఉండాలి. కూడిక పెట్టారు."

ఆయన గిరుక్కున తిరిగారు. నిజమే. అది పన్నిన ఉచ్చు కాదు. కోపంలో చెయ్యి జారిన అసలు తప్పు. ముఖంలోకి రక్తం ఎగజిమ్మింది, వేలు అలవాటుగా తలుపు వైపు లేచింది.

అది సగంలోనే ఆగింది. తరగతి అంతా ఆ వేలినే చూస్తోంది, ఒక్కరూ ఆవలించకుండా.

"వచ్చి దిద్దు," అన్నారు మాస్టారు, పళ్ళ మధ్యనుంచి.