ఒకవైపే సాన పెట్టిన కత్తి

కత్తికి పదునొక్కటి ఉంటే చాలంటావేంటే మనవరాలా? విను. వింటూ రాసుకో.

తోలుసంచులు కుట్టే ఒకతను తన భార్య అన్నగారి కొలిమి దగ్గర నిలబడి ఉన్నాడు. అతని పాత మడతకత్తి కీలు వదులై, కుట్టు కోసం తోలు అంచు పలచన చేస్తుండగా జారి చిల్లు పడింది. ఇంకొక్క తోలు పాడైతే పనిలోకి రావద్దని మేస్త్రి ముఖం మీదే చెప్పేశాడు. అందుకే మడత లేని కత్తి చేసిపెట్టమని బావను బతిమాలుకున్నాడు. మర్నాడు పొద్దున్నే పనిలోకి వెళ్లాలి.

కమ్మరి ఒరలోంచి కత్తి తీశాడు. ఇనుము పిడి చివరిదాకా ఒకటే ముక్క, ఎంత ఊపినా కదల్లేదు. పిడి అరచేతిలో ఇమిడిపోయింది. వంక పెట్టడానికి లేదు. తోలుపనివాడు పాత తోలుముక్క బల్ల మీద పరిచి అంచు కోశాడు. కాస్త దూరం వెళ్లిందో లేదో కత్తి లోపలికి దిగబడింది. మళ్లీ చిల్లు.

"కత్తిలో లోపమేం లేదు బావా, వణుకంతా నీ చేతిలోనే ఉంది," అని కమ్మరి తనే కత్తి అందుకుని కోశాడు. అంచు ఉల్లిపొరలా లేచింది.

తోలుపనివాడు తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఇన్నేళ్లూ తిండి పెట్టిన చెయ్యి నిజంగానే పాడైందా? ఇంకోసారి కోశాడు. ఇంకో చిల్లు. చెమటకు పిడి తడిసింది.

అన్న చేసిచ్చిన కత్తెరతో గుడ్డ తెగి చావదని ఎప్పుడూ సణిగే భార్య, గుమ్మంలోంచి లేచి వచ్చి కత్తిని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది.

"అన్నయ్యా, నీది పుర్రచెయ్యి. నా కత్తెరలాగే దీనికీ సాన నీ చేతికి తగ్గట్టు పెట్టావు. ఈయనది కుడిచెయ్యి."

కమ్మరి నాలుక కరుచుకున్నాడు. అతను ఒకవైపే ఏటవాలుగా అరగదీశాడు. ఆ వాలు ఎడమచేతిలో తోలు మీద తేలుతుంది, కుడిచేతిలో తోలులోకి దిగుతుంది. రెండోవైపుకి మార్చాలంటే ఇనుము చాలావరకు పోతుంది, విరిగినా విరగొచ్చు. వేరే ఇనుము కాల్చే వ్యవధి లేదు.

సానరాయి తిరిగింది. చెల్లెలు నీళ్లు పోసింది. కత్తి సన్నబడుతుంటే తోలుపనివాడు ఊపిరి బిగబట్టి చూశాడు. చివరికి చూపుకి బక్కచిక్కిన కత్తొకటి చేతికొచ్చింది. దాన్ని తోలు మీద ఆనించి మెల్లగా లాగాడు. అంచు చివరిదాకా లేచింది. వెనక్కి తిప్పి తడిమాడు. చిల్లు లేదు.

"పొద్దున వెళ్తాను," అన్నాడు భార్యతో.

ఇది మీ చిన్నాన్నకి ఫోన్లో చదివి వినిపించమ్మా. కొత్త కత్తి కొన్నానని మురిసిపోతున్నాడట. వాడిదీ పుర్రచెయ్యే, ఆ సంగతి కొట్టువాడికి చెప్పాడో లేదో.