మద్దేడ్ డిపోలో కంగారూ

మద్దేడ్ దగ్గర కలప డిపోలో ఊడ్చే పని సోమక్కది. భర్త పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. ఫారెస్టు గార్డులు హిందీలో పని చెబుతారు, ఆమె తలూపి చేస్తుంది. రోజంతా నోరు విప్పి నాలుగు మాటలాడితే గొప్ప.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, భోపాలపట్నం రోడ్డు మీద జంతువుల్ని దొంగతనంగా తరలిస్తూ ఎవరో వదిలేసి పారిపోయిన లారీలో, ఒక చెక్కపెట్టెలో రెండు కంగారూలు దొరికాయి. మగది అప్పటికే చచ్చిపోయింది. ఆడది బతికుంది గాని, దాని సంచిలోంచి జారిపోయిన పిల్ల పెట్టె అడుగున ప్రాణం లేకుండా పడివుంది.

"దీని పేరే కంగారా సారూ?" అంది సోమక్క.

"అంతే మరి," అన్నాడు బచేలి నుంచి వచ్చిన పశువుల డాక్టరు శ్యామ్‌ప్రసాద్. "బెదిరితే సంచి వదులైపోద్ది. పిల్ల జారిపోద్ది."

పైనుంచి ఆర్డరు వచ్చేదాకా దాన్ని డిపోలోని పాత మొక్కల నర్సరీలో ఉంచి, చుట్టూ కంచె కట్టారు. గడ్డి వేసే పని సోమక్కకి అప్పగించారు.

ఆమె దగ్గరికి వెళితే అది వెనక కాలితో నేలను దబ్బున కొట్టేది. మిట్టమధ్యాహ్నం ముంజేతులు తడిసిపోయేలా నాకుతుంటే పుండేమో అనుకుని భయపడింది. ఎండకి ఒళ్లు చల్లబరచుకోవడానికే అలా చేస్తుందని డాక్టరు చెప్పాడు. అయినా వేసిన గడ్డి వేసినట్టే మిగిలిపోతోంది. నాలుగు పరకలు కొరకడం, తలెత్తి చెవులు తిప్పడం, అంతే.

"మందలో బతికే జీవి సోమక్కా. పదుంటే తలా కాసేపు కాపలా కాస్తాయి. ఒక్కటే అయితే తనే కాయాలి. ఇంక మేసేదెప్పుడు?" అన్నాడు డాక్టరు.

ఆ రోజునుంచి ఆమె పొద్దు వాలే వేళ తన అన్నం పళ్లెం తెచ్చుకుని కంచె ఇవతల కూర్చునేది. దానికి వీపు తిప్పి, రోడ్డు వైపు చూస్తూ తినేది. వారం గడిచేసరికి వెనక గడ్డి తెంపుతున్న చప్పుడు ఆగకుండా వినబడసాగింది. తిరిగి చూడాలనిపించినా చూడలేదు.

లారీ దొరికి నెల దాటింది. ఒక ఉదయం గడ్డి తీసుకెళ్లేసరికి అది నర్సరీ గోడకు వీపు ఆనించి, తోకను కాళ్ల మధ్య నుంచి ముందుకు చాపి కూర్చుని ఉంది. పొత్తికడుపు నాక్కుంటోంది. ఇంతలో వేరుశనగ గింజంత ఎర్రటిదొకటి బయటపడింది. కళ్లు లేవు, చెవులు లేవు. చిట్టి చేతులు మార్చి మార్చి వేస్తూ బొచ్చులో పైకి పాకింది. తల్లి పట్టుకోలేదు, ఎత్తలేదు. సోమక్క గడ్డి దించకుండానే చూస్తూ నిలబడింది. అది పాకి పాకి సంచి అంచు దాటి లోపలికి దిగిపోయింది.

చెబుదామని చుట్టూ చూస్తే ఎవరూ లేరు. డాక్టరుకి ఫోను చేసింది.

"ఏటీ! మగది లేకుండానా?" అన్నాడతను. అంతలోనే నవ్వాడు. "ఔను కదా. సంచిలో పిల్ల పాలు తాగుతున్నన్నాళ్లూ కడుపులో రెండోది పెరక్కుండా ఆగి ఉంటాది. మొదటిది పోయింది కదా, ఇది కదిలింది."

"గన్ని దినాలు లోపల్నే ఆగుంటదా సారూ?"

"ఆగుంటాది."

ఆమె ఫోను పెట్టేసి కంచె పక్కనే కూర్చుంది. తన కడుపున ఏదీ ఆగలేదు. ఆ మాట భర్తతో తప్ప ఎవరితోనూ అనలేదు.

వానలు పడ్డాక ఆర్డరూ, వ్యానూ వచ్చాయి. దూరాన ఒక జంతుశాలకి తీసుకుపోతారట.

"ఆడ ఇంకేమన్న ఉన్నయా, దీనసొంటివి?" అని డాక్టరుని అడిగింది.

"నాలుగున్నాయి."

"అయితే మంచిగ తింటది," అని పక్కకి జరిగింది. మర్నాడు కంచె విప్పమంటే తనే విప్పింది.

దసరా వెళ్లాక డాక్టరు ఫోను చేశాడు. పిల్ల సంచిలోంచి తల బయట పెట్టిందట. సోమక్క ఆ కబురు పట్టుకుని రోడ్డెక్కింది. బస్సు కోసం చూస్తున్న ముసలామె ఒకతె కనిపిస్తే పక్కన కూర్చుని, గింజంత పిల్ల పాకడం దగ్గర్నుంచి అంతా చెప్పింది.

ముసలామె శ్రద్ధగా వింది. "నీకేమైతది అది?" అంది.

అంతలో బస్సు వచ్చింది. సోమక్క ముసలామె మూట ఎత్తి లోపలికి అందించి, ఆమె చక్కగా కూర్చునేదాకా కాపలా కాస్తున్నట్టు కిటికీ దగ్గరే నిలబడింది.