మూగ మెట్టు

మా చర్చిలో ఆర్గన్ నాన్నకంటే పెద్దది, బాబాయికంటే మొండిది. నాన్న దాన్ని వాయించేవాడు, బాబాయి మరమ్మతు చేసేవాడు. నాన్న పోయాక దాని ముందు బల్ల మీద నేను కూర్చున్నాను.

నేను పుట్టకముందే ఒక వానకు పైకప్పు కారి, లోపలి చెక్క ఉబ్బి, ఒక మెట్టు మూగబోయింది. బాగుచేయాలంటే ఆర్గన్ సగం విప్పాలి. విప్పితే చర్చి కమిటీవాళ్ళు మళ్ళీ బిగించనివ్వరని నాన్న భయం. అందుకే ఏ కీర్తనలోనైనా ఆ మెట్టు వస్తే పక్క మెట్టుకు జారిపోయేవాడు.

ఈ ఏడు కమిటీ పెద్ద తేల్చేశాడు. "ఆదివారం వింటాం. సరిగ్గా పలికితే ఉంటుంది. లేదంటే సోమవారం పాత సామాన్లవాళ్ళకి ఇచ్చేస్తాం."

బాబాయికి పంతం వచ్చింది. ఆర్గన్ సగం విప్పి, మోకాళ్ళ నొప్పులతోనే దాని గొట్టాల మధ్య దూరి, ఆ మెట్టును పలికించి మళ్ళీ బిగించాడు. ఖాళీ చర్చిలో నేను కీర్తనను పుస్తకంలో ఉన్నట్టే వాయిస్తే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మా అన్న వినుంటే ఎంత బావుండేదే!"

ఆదివారం చర్చి నిండింది. కమిటీ పెద్ద ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బాబాయి ఆర్గన్ వెనక తలుపు సందులోంచి చూస్తున్నాడు. మొదటి చరణం ఎత్తుకున్నాను. ఆ మెట్టు దగ్గర గొట్టం ఖంగున పలికింది. జనం మాత్రం పక్క స్వరానికి పోయారు.

అప్పుడు అర్థమైంది. వీళ్ళంతా నాన్న వాయించిందే అసలు పాట అనుకుని ఇన్నేళ్ళూ పాడినవాళ్ళు! ఖాళీ చర్చిలో మురిసిపోయిన మా బుర్రలకు పాడేవాళ్ళ సంగతే తట్టలేదు. ముసలమ్మలు పాట ఆపి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చరణం ముగిశాక కమిటీ పెద్ద పక్కాయనతో, "చెప్పానా, చెడిపోయిందని," అన్నాడు.

పుస్తకంలో ఉన్నట్టు వాయిస్తే ఆర్గన్ పోతుంది. పక్కకు జారితే బాబాయి కష్టమంతా బూడిదపాలు. తలుపు వైపు చూసే ధైర్యం లేదు నాకు. రెండో చరణంలో పక్కకు జారాను.

చర్చి అంతా ఒక్క గొంతై పాడింది. చివర్న కమిటీ పెద్ద కళ్ళు తుడుచుకుంటూ, "ఇప్పుడు దార్లో పడింది. ఉంచేద్దాం," అన్నాడు.

జనం వెళ్ళాక బాబాయి నెమ్మదిగా బల్ల దగ్గరికొచ్చాడు. గొట్టాల్లోకి గాలి ఊదే మోటారు ఇంకా ఆపలేదు. ఆ మెట్టును ఒక్కసారి నొక్కాడు. నిక్షేపంగా పలికింది.

"నీ తర్వాత కూర్చునేవాళ్ళకి చెప్పవే," అన్నాడు. "అది మూగది కాదు, మనమే దాన్ని ముట్టుకోవట్లేదని. ఇంక మూత వెయ్యి."

మూత వెయ్యడానికి నాకు చేతులు రాలేదు.